తారు రోడ్డు అయిపోయే చోట ఒక్క రెండు నిమిషాలు ఆగండి: సిటీలో మౌంటెన్ బైకింగ్‌కి పూర్తి గైడ్

మౌంటెన్ బైకింగ్ అనగానే చాలామంది పెద్ద పెద్ద కొండలున్న చోటికి వెళ్తే తప్ప కుదరదని అనుకుని ఆగిపోతారు. కానీ ఏ నగరమైనా దాని అంచుల్లో కాలువ గట్లు, కరెంటు లైన్ల కింద పోయే మట్టి దారులు, కట్టకుండా వదిలేసిన గుట్టలు, పెద్ద పార్కుల్లో కాలిబాటలు ఉంటాయి. మొదటి ఏడాదికి అవి చాలు, నిజానికి అంతకన్నా ఎక్కువ కాలానికే సరిపోతాయి.

కాకపోతే సిటీలో తొక్కేవాడికి కొండల్లో తొక్కేవాడికి లేని ఇబ్బంది ఒకటి ఉంది. ట్రైల్‌కి, అంటే ఆ మట్టి దారికి, వెళ్లాలన్నా రావాలన్నా ట్రాఫిక్‌లోంచే వెళ్లాలి. రోడ్డు మీద కావలసిన అలవాట్లు వేరు, మట్టిలో కావలసినవి వేరు. నేను బాగా దెబ్బ తిన్నది ఏ రాళ్ల దిగుడులోనో కాదు. 40 నిమిషాలు రోడ్డు మీద తొక్కుకుంటూ వెళ్లి, తారు అయిపోయి కంకర మొదలయ్యే మలుపులో అదే వేగంతో, టైర్లలో అదే గట్టి గాలితో, సీటు అదే ఎత్తులో ఉంచి తిప్పేశాను. ముందు చక్రం జారింది, చెయ్యి చాచి పడ్డాను, మణికట్టు ఆరు వారాలు కట్టులో ఉంది. అందుకే ఈ గైడ్‌లో అన్నీ చెప్తాను గానీ, ఆ మారే చోటు గురించి మాత్రం కాస్త ఎక్కువే చెప్తాను.

1. ఎలాంటి సైకిల్ కావాలి

ముందు సస్పెన్షన్ ఉండి వెనక లేని హార్డ్‌టెయిల్ తీసుకోండి. మీరు తొక్కే దూరంలో సగానికి పైగా రోడ్డే ఉంటుంది కాబట్టి రెండు వైపులా సస్పెన్షన్ ఉన్న సైకిల్ అనవసరంగా బరువు, సర్వీసింగ్ ఖర్చు కూడా ఎక్కువ. ముందు ఫోర్కుకి (ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాలు) 100 నుంచి 120 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే అది కుంగగలిగే దూరం, రోడ్డు మీద దాన్ని బిగించేసే లాకవుట్ ఉంటే చాలు. చక్రాలు 29 అంగుళాలైతే గతుకుల మీద తేలిగ్గా దాటుకుపోతాయి, 27.5 అయితే ఇరుకు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది, పొట్టిగా ఉన్నవాళ్లకి సైజు కూడా కుదురుతుంది. దీని గురించి వాదనలు చాలా ఉన్నాయి, వాటిలో పడొద్దు.

డబ్బు పెట్టాల్సింది బ్రేకుల మీద. డిస్క్ బ్రేకులు ఉండాలి, వీలైతే హైడ్రాలిక్ (తీగతో కాకుండా ద్రవం ఒత్తిడితో పనిచేసేవి). ఒక్క వేలితో ఆపగలిగితే మిగతా వేళ్లు హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని ఉంటాయి, దిగుడులో అదే మిమ్మల్ని కాపాడుతుంది. కొత్త డిస్క్ బ్రేకులు మొదటి రోజే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద కొంచెం వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా దాదాపు నడక వేగానికి తగ్గిస్తూ ఒక్కో బ్రేకుకి 20 సార్లు చేస్తే ప్యాడ్లు కుదురుకుంటాయి. డిస్కు మీద వేలిముద్రలు, నూనె పడనివ్వకండి.

చూడ్డానికి మౌంటెన్ బైక్‌లా ఉండి మాన్యువల్‌లో మాత్రం కచ్చా దారుల్లో వాడకూడదని రాసి ఉండే సైకిళ్లు కూడా అమ్ముతారు. ఆ కాగితం చదివాకే కొనండి. సెకండ్ హ్యాండ్ అయితే ఫ్రేమ్ వెల్డింగుల దగ్గర సన్నటి పగుళ్లు, ఫోర్కు గొట్టాల మీద గీతలు, నూనె కారిన గుర్తులు, చక్రం తిప్పితే ఊగడం చూడండి. సైజు సంగతి: సైకిల్‌కి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే మీకూ పై గొట్టానికీ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. షూ ఇరికించే పెడల్స్ ఇప్పుడే వద్దు, చిన్న పిన్నులున్న వెడల్పాటి మామూలు పెడల్స్ చాలు, పడబోతున్నప్పుడు కాలు వెంటనే కింద పెట్టొచ్చు.

2. ఒంటి మీద ఏముండాలి

హెల్మెట్ లేకుండా గేటు దాటకూడదు. అది కనుబొమలకి రెండు వేళ్ల పైన, తలకి సమంగా కూర్చోవాలి, వెనక్కి వాలిపోయి నుదురంతా కనిపిస్తుంటే పెట్టుకున్నా లాభం లేదు. పట్టీలు చెవుల చుట్టూ ఆంగ్ల అక్షరం వి ఆకారంలో రావాలి, గడ్డం కింద ఒక వేలు పట్టేంత సందు ఉండాలి. ఒక్కసారి గట్టిగా దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా మార్చేయాల్సిందే, ఎందుకంటే లోపలి ఫోమ్ నలిగితేనే అది పని చేసినట్టు, నలిగింది మళ్లీ పని చెయ్యదు.

వేళ్లన్నీ కప్పే గ్లవ్స్, దుమ్మూ కొమ్మలూ కంట్లో పడకుండా తెల్ల అద్దాలు. మోకాలి ప్యాడ్లు దిగుళ్లు నేర్చుకునేటప్పుడు పెట్టుకోండి, దెబ్బ తగులుతుందేమోనన్న టెన్షన్ లేకపోతే ఒళ్లు బిగుసుకోదు, బిగుసుకోకపోతే పడటమూ తగ్గుతుంది.

3. టైర్లలో గాలి

ఇంత చవకగా ఇంత తేడా తెచ్చేది ఇంకేదీ లేదు, అయినా చాలామంది టైరు రాయిలా ఉండేదాకా కొట్టించి వదిలేస్తారు. టైరు పక్కన రాసి ఉండే పెద్ద అంకె గరిష్ఠం, అంత కొట్టమని కాదు. గట్టి టైరు తారు మీద బాగానే దొర్లుతుంది గానీ కంకర మీద ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది, నేలని అంటుకునే భాగం తగ్గుతుంది, మలుపులో జారిపోతుంది. మెత్తటి టైరు రాయి చుట్టూ ఒదిగి పట్టుకుంటుంది. మరీ మెత్తగా ఉంటే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. మీ పంక్చర్ అలా రెండు చిల్లులతో ఉంటే ముల్లుని తిట్టుకోవద్దు, గాలి తక్కువైందని అర్థం.

సుమారు 70 కిలోల మనిషికి, ట్యూబు ఉన్న 2.2 అంగుళాల టైర్లకి, రోడ్డు మీద 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా, మట్టిలో 26 నుంచి 30 దాకా పెట్టి మొదలుపెట్టండి. ముందు టైరులో వెనకదానికన్నా రెండు పీఎస్ఐ తక్కువ ఉంచండి, బరువు ఎక్కువగా వెనక పడుతుంది, పట్టు ఎక్కువగా ముందు కావాలి. మీరు బరువెక్కువైతే కొంచెం పెంచుకోండి. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో మూడు నాలుగు తగ్గించవచ్చు, లోపలి ద్రవం చిన్న చిల్లుల్ని దానంతటదే పూడ్చేస్తుంది కాబట్టి ముళ్లున్న దారుల్లో చాలా హాయి. చిన్న మీటర్ ఒకటి కొనుక్కోండి, వేలితో నొక్కి చూస్తే 25కీ 35కీ తేడా తెలియదు. ప్రతిసారీ మార్చే ఓపిక లేకపోతే 32 దగ్గర ఉంచి రోడ్డు మీద కొంచెం బరువుగా తొక్కండి, అంతేగానీ 45తో మట్టిలోకి దిగొద్దు.

4. దారి వెతకడం

మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ తెరిచి ఊరి అంచు వెంట వేలు కదుపుతూ పోతే సన్నటి లేత గీతలు కనిపిస్తాయి, అవే కాలిబాటలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చిన్న దారులు కూడా చాలా వరకు ఉంటాయి. దాని మీద నడిచే కొన్ని యాప్‌లు ఎత్తుగీతలు కూడా చూపిస్తాయి, గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు వాలు అన్నమాట. దొరికిన దారిని మొదటిసారి నడిచి చూడండి. సైకిల్ మీద కనిపించని తీగలు, గాజు పెంకులు, మూతలేని గుంతలు, కోతపడి సగం విరిగిపోయిన గట్లు నడకలో కనిపిస్తాయి. పాడుబడ్డ క్వారీల అంచులు, రైలు పట్టాల పక్క దారులు, కంచె వేసిన స్థలాలు జోలికి పోవద్దు. ఎవరి స్థలమో తెలియకపోతే అడగండి, అనుమతి లేకుండా నలుగురు తొక్కితే ఐదోవాడికి గేటు మూసేస్తారు.

ఇంకో రెండు విషయాలు చూసుకోండి. ఒకటి, మధ్యలో ఏదైనా జరిగితే రోడ్డెక్కడానికి ఎంత దూరం, అంబులెన్స్ ఎక్కడిదాకా రాగలదు. రెండు, ఆ దారిలో ఏ వేళలో మనుషులు తిరుగుతారు. ఊరి అంచుల్లో నిర్మానుష్యంగా ఉండటమే ఒక్కోసారి రాళ్లకన్నా ఎక్కువ ప్రమాదం. కొత్త దారికి ఒంటరిగా వెళ్లొద్దు, ముగ్గురైతే మంచిది, ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఇంకొకరు సాయం కోసం వెళ్తారు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి, ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేయండి. రైడ్లని రికార్డు చేసి అందరికీ చూపించే స్ట్రావా లాంటి యాప్ వాడితే మొదలుపెట్టే చోటు, ముగించే చోటు దాచిపెట్టే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసుకోండి. ఖరీదైన సైకిల్ ఏ ఇంట్లో ఉందో అందరికీ చెప్పాల్సిన పని లేదు.

5. బయల్దేరే ముందు

గాలి, బ్రేకులు, చైను, చక్రాల బిగింపు. బ్రేకు లీవరు హ్యాండిల్‌ని తాకేదాకా వచ్చేస్తుంటే ఆ రోజు వెళ్లొద్దు. హ్యాండిల్ పక్కకి తిప్పి చూస్తే ముందు చక్రంతో పాటే కదలాలి. ఆఖరుగా సైకిల్‌ని పది సెంటీమీటర్లు ఎత్తి కింద వదలండి, ఏదైనా గలగలమంటే వదులుగా ఉన్నట్టే. ముందు బ్రేకు ఏ చేతికుందో కూడా చూసుకోండి, ఇది దేశాన్ని బట్టి మారుతుంది, అరువు తెచ్చుకున్న సైకిల్ మీద ఇదే చాలామందిని ముందుకి పడేస్తుంది.

బ్యాగులో స్పేర్ ట్యూబు, టైరు లీవర్లు రెండు, పంపు, మల్టీటూల్ (చిన్న పనిముట్లన్నీ ఒక్కదాంట్లోనే ఉండేది), తెగిన చైనుని కలపడానికి మీ చైనుకి సరిపోయే క్విక్ లింక్ (వెనక 10, 11, 12 గేర్లున్న సైకిళ్లకి వేర్వేరు), కట్టు గుడ్డ, గాజుగుడ్డ, నీళ్లు. గంటకి అర లీటరు, ఎండలో ముప్పావు లీటరు లెక్కేసుకోండి. ట్యూబు మార్చడం ఇంట్లో కూర్చుని రెండుసార్లు చేసి చూడండి, చీకటి పడుతుంటే దోమల మధ్య మొదటిసారి నేర్చుకోవడం చాలా కష్టం. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేళ్లతో నెమ్మదిగా తడిమి ముల్లు తీసేయకపోతే ఐదు నిమిషాల్లో మళ్లీ అదే పని.

6. ట్రాఫిక్‌లో

పార్క్ చేసిన కార్ల పక్కనుంచి పోతుంటే ఒక తలుపు వెడల్పు, అంటే కనీసం మీటరు దూరం ఉంచండి. అద్దంలో తల కనిపిస్తే తలుపు తెరుచుకుంటుందనే అనుకోండి. లారీ, బస్సు పక్కకి, ముఖ్యంగా అది తిరగబోతున్న వైపుకి, దూరి ముందుకి పోవద్దు. మీకు వాటి అద్దం కనిపించకపోతే డ్రైవరుకి మీరు కనిపించరు. ఇరుకు రోడ్డులో మరీ అంచుకి నక్కి తొక్కితే వెనకవాళ్లు పక్కనుంచి ఇరికించి దాటాలని చూస్తారు, అలాంటి చోట కొంచెం లోపలికి, కనపడేలా తొక్కండి. ఇయర్‌ఫోన్లు వద్దు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి.

మౌంటెన్ బైక్‌కి ప్రత్యేకంగా ఉండే ఇబ్బంది దాని టైర్లే. బుడిపెలున్న టైరు తడి తారు మీద, తెల్ల గీతల మీద, ఇనుప మూతల మీద మీరనుకున్నంత పట్టు ఇవ్వదు. వాన పడితే మలుపుకి ముందే వేగం తగ్గించండి, మలుపులో బ్రేకు పట్టొద్దు. పట్టాలు దాటాల్సి వస్తే వీలైనంత అడ్డంగా, లంబకోణంలో దాటండి.

7. మారే చోట రెండు నిమిషాలు

ఇప్పుడు అసలు సంగతి. తారు అయిపోయే చోటికి రాగానే పక్కకి తీసి, దిగి, నిలబడండి. గాలి తగ్గించండి. సీటుని ఐదు సెంటీమీటర్లు, నిటారు దిగుడు ఉంటే ఇంకా ఎక్కువ దించండి (మళ్లీ పాత ఎత్తు తెలియడానికి సీటు పోస్టు మీద టేపు ముక్క అంటించి ఉంచుకోండి). ఫోర్కు లాకవుట్ తీసేయండి. బిగించిన ఫోర్కుతో దిగుడులోకి వెళ్లిన ప్రతివాడూ సగం దారిలో చేతులు నొప్పి పుట్టి గుర్తు తెచ్చుకుంటాడు. రెండు గుక్కలు నీళ్లు తాగండి. ఊపిరి మామూలయ్యేదాకా ఎక్కకండి, ట్రాఫిక్‌లో పెరిగిన గుండె వేగం, హారన్ల చికాకు ఒంట్లో అలాగే ఉంటాయి, అదే తొందర మట్టిలోకి వెంటబెట్టుకుని పోతాం. ఎక్కాక మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా, రెండు బ్రేకులూ మట్టిలో ఒకసారి పట్టి చూసుకుని వెళ్లండి, నిన్నటి పట్టు ఇవాళ ఉండదు.

తిరిగి రోడ్డెక్కేటప్పుడు కూడా ఆగాలి, నా అనుభవంలో ఇది ఇంకా ముఖ్యం. అలసిపోయి ఉంటాం, గంటసేపు ఎదురుగా ఎవరూ లేకుండా ఇష్టమొచ్చిన గీతలో తొక్కి ఉంటాం, టైర్ల నిండా మట్టి, బ్రేకుల్లో తడి. గాలి కొట్టండి, సీటు లేపండి, టైరు బుడిపెల్లో ఇరుక్కున్న బురద పుల్లతో తీసేయండి, లైట్లు వేసుకోండి, అప్పుడు రెండు వైపులా చూసి ఎక్కండి.

8. నేర్చుకోవాల్సిన నాలుగు పనులు

ఖాళీ మైదానంలో, రోజుకి అరగంట చొప్పున రెండు వారాలు చేసి చూడండి.

మొదటిది నిలబడే తీరు. దిగుడులో, గతుకుల్లో సీటు మీద కూర్చోకూడదు. పెడల్స్ రెండూ నేలకి సమాంతరంగా, మోకాళ్లు, మోచేతులు వంచి, నడుము కొంచెం వెనక్కి, మడమలు కిందికి, చూపు ముందు చక్రం మీద కాదు, పది మీటర్ల అవతల. సైకిల్ మీ కింద ఊగుతుంది, మీరు మాత్రం ఊగరు. రాయిని చూస్తే రాయి మీదికే పోతాం, దాని పక్క సందుని చూడండి.

రెండోది బ్రేకు. ఆపే శక్తి ఎక్కువగా ముందు బ్రేకులోనే ఉంది, దానికి భయపడి వెనకదే పట్టేవాళ్లు దిగుడులో జారుతూనే ఉంటారు. గీత ఒకటి గీసి, అక్కడ ఆగేలా, ముందు బ్రేకుని మెల్లగా నొక్కుతూ పెంచుతూ, అదే సమయంలో నడుము వెనక్కి తీసుకుంటూ చేయండి. ఠక్కున పట్టడం, ముందు చక్రం తిరిగి ఉన్నప్పుడు పట్టడం, ఈ రెండే మిమ్మల్ని హ్యాండిల్ మీదుగా విసిరేస్తాయి.

మూడోది మలుపు. మలుపులో బయటి కాలు కింద ఉంచి దాని మీద బరువు వేయండి, మీరు తక్కువగా, సైకిల్ ఎక్కువగా వంగాలి. నాలుగోది కెర్బు, అంటే ఫుట్‌పాత్ అంచు, ఎక్కడం: కొంచెం కిందికి కుంగి, వెంటనే నడుము వెనక్కి తోస్తూ చేతులు చాపితే ముందు చక్రం లేస్తుంది. మొదట నేల మీద ఒక పుల్ల పెట్టి దాటండి, తర్వాత ఇటుక, తర్వాత కెర్బు. మెట్లు దిగడం ఇవన్నీ వచ్చాకే, అదీ జనం లేని మూడు మెట్లతో, నిటారుగా ఎదురుగా, నిలబడి, బ్రేకు పట్టీ పట్టనట్టుగా.

ఎక్కుడు గురించి ఒక్క మాట: వాలు మొదలవక ముందే తేలిక గేరులోకి మార్చండి, బరువుగా తొక్కుతూ మారిస్తే చైను తెగొచ్చు. సీటు ముందు అంచుకి జరిగి ఛాతీ దించితే ముందు చక్రం లేవదు.

9. దారిలో ఎదురయ్యేవాళ్లు

నడిచేవాళ్లకి మనమే దారి ఇవ్వాలి. వెనకనుంచి వెళ్తుంటే దూరం నుంచే బెల్లు కొట్టి, నడక వేగానికి తగ్గించి, పలకరించి దాటండి. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి ఆగి దారి ఇవ్వాలి, వాలులో ఆగినవాడు మళ్లీ మొదలుపెట్టడం కష్టం. కుక్క వెంటపడితే వేగంతో గెలవొచ్చని మట్టి దారిలో ప్రయత్నించకండి. ఆగి, దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని, దాని కళ్లలోకి చూడకుండా మెల్లగా నడవండి, చాలా కుక్కలు అక్కడితో వదిలేస్తాయి. కరిస్తే మాత్రం సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి.

వాన వెలిసిన వెంటనే మట్టి దారికి వెళ్లొద్దు. టైరు దిగబడి గాడి పడితే తర్వాతి వానకి నీళ్లు ఆ గాడిలోనే పారి దారంతా కోసుకుపోతుంది. వెనక చక్రం లాక్ చేసి జారించడం కూడా అంతే.

10. పడితే

పడగానే లేవొద్దు. మెడ, నడుము నొప్పి ఉందా, చేతులూ కాళ్లూ కదులుతున్నాయా చూసుకుని అప్పుడు లేవండి. పడిన మనిషికి మెడ నొప్పి ఉంటే కదపకండి, ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ కూడా తీయకండి, అత్యవసర నంబరుకి ఫోన్ చేయండి. తలకి దెబ్బ తగిలాక తలనొప్పి పెరగడం, వాంతి, మగత, జరిగింది గుర్తులేకపోవడం, మాట తడబడటం, ఇందులో ఏదున్నా నేరుగా ఆసుపత్రికి. ఏమీ లేకపోయినా ఆ రోజు మళ్లీ తొక్కొద్దు, తిరుగు ప్రయాణం రోడ్డు మీదని మర్చిపోకండి. చెయ్యి చాచి పడితే మణికట్టు, కాలర్ బోను చూపించుకోవాలి, బొటనవేలు మొదట్లో నొక్కితే నొప్పి ఉంటే బెణుకని వదిలేయొద్దు, అక్కడి చిన్న ఎముక విరిగితే మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. మట్టి పట్టిన గాయమైతే, చివరి టెటనస్ ఇంజెక్షన్ తీసుకుని 5 ఏళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలేమో డాక్టర్ని అడగండి.

11. ఇంటికొచ్చాక

బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ప్రెషర్ గన్‌తో కొడితే బేరింగుల్లోని గ్రీజు పోయి నీళ్లు చేరతాయి. చైను పొడిగా తుడిచి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పది నిమిషాలయ్యాక పైన మిగిలింది తుడిచేయండి, పైకి కనిపించే నూనె దుమ్ముని పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అప్పుడే, బద్ధకించకుండా, ఇవాళ ఏ దారి, ఎంత గాలి, ఎక్కడ జారింది, ఎక్కడ బాగుంది అని ఫోన్లో రెండు లైన్లు రాసుకోండి. ఐదారు రైడ్లయ్యేసరికి మీ బరువుకి, మీ టైర్లకి, మీ దారికి సరిపోయే అంకె దొరుకుతుంది, అది పంపు మీద టేపు అంటించి రాసిపెట్టుకోండి.